అక్కా అన్న పాపానికి

కాచిగూడలో ఆ మేడ ఇప్పుడు లేదు. డెబ్భై నాలుగులో ఉండేది. గేటుకు టులెట్ బోర్డు, ఆ బోర్డు కింద వానకు తడుస్తూ దయాకర్.

కొత్తగా ఎంబీబీఎస్ అయిన దయాకర్‌కు హైదరాబాదులో ఇళ్లు కనిపిస్తున్నాయి గానీ, క్లినిక్ అంటే గది ఇచ్చేవాళ్లు కనిపించడం లేదు. రోగులొస్తారని ఒకరు, పెళ్లికానివాడని ఇంకొకరు తలుపేసుకున్నారు. కొడకండ్లలో నాయినేమో "సిటీల జాగ దొరక్కుంటే ఇంటికి రా, మన ముందటి అర్రల కూసో" అంటున్నాడు. అతనికేమో సిటీలోనే నిలదొక్కుకోవాలని పంతం.

వరండాలో ఓ అమ్మాయి ఆరేసిన బట్టలు గబగబా తీస్తోంది.

"అక్కా, కింది రూములు కిరాయికిస్తరా?"

ముక్కూమొహం తెలియని ఆడమనిషిని పిలవాలంటే అతనికి తెలిసిన మర్యాద అదొక్కటే. ఆమె తడి దుప్పటితో సహా గిర్రున తిరిగింది.

"ఎవరికి అక్క? నేను బీఏ సెకండియర్! మీ మీసం జూస్తే నాకే చిన్నాయిన లెక్కున్నరు."

"తప్పయింది అక్కా."

"మళ్లా!"

లోపలినుంచి పకపకా నవ్వు వినిపించింది. ఆమె తండ్రి జగపతి, చిట్యాల నుంచి వచ్చి సిటీలో విత్తనాల వ్యాపారం పెట్టుకున్న మనిషి. పడక్కుర్చీలో అంతా వింటున్నాడు.

"ఏ ఊరు పిలగా?"

"కొడకండ్ల, కాకా. డాక్టర్ని. దవాఖాన పెడ్దామనుకుంటున్న."

"పెండ్లయిందా?"

"కాలే."

"పెండ్లిగాని పోరగాండ్లకు ఇయ్యొద్దనుకున్న. గని మా శశికళను నోరార అక్క అన్నవ్. గా మాట మీద ఇస్తున్న. నిలవెట్టుకో."

అలా క్లినిక్ మొదలైంది. శశికళ కక్ష కూడా మొదలైంది.

"డాక్టర్ తమ్ముడూ, మీ పేషెంట్లు మా జామచెట్టు దులిపేస్తున్నరు!"

"డాక్టర్ తమ్ముడూ, మందిస్తున్నరా, ముచ్చట్లు వెడుతున్నరా?"

వాన కురిసి పేషెంట్లు రాని సాయంత్రాల్లో ఆమె కుంపటి మీద మక్కకంకులు కాల్చి మెట్ల మీదికి తెచ్చేది. ఇద్దరూ తలా ఓ మెట్టు మీద కూర్చుని తినేవాళ్లు. ఎంత మంచి రోజులవి! దయాకర్‌కు గుండె చప్పుడు వినడానికి స్టెతస్కోపు అక్కర్లేకుండా పోయింది. అక్కా అనబోతే నోరు పెగలడం లేదు. పేరు పెట్టి పిలిస్తే గది పోతుంది. చివరికి మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాడు.

"ఏమండీ, జర ఉప్పు ఇస్తరా?"

శశికళ కళ్లు పెద్దవి చేసింది. "ఏమండీనా? గా మాట నేను అనాల్సిన..."

నాలుక కరుచుకుని, ఉప్పు గిన్నె అక్కడే వదిలేసి మేడ మీదికి పరుగెత్తింది.

దసరా వెళ్లాక ఓ పొద్దున ఆమె క్లినిక్ గుమ్మంలో నిలబడింది. నవ్వు లేదు.

"జనగామ సంబంధమోళ్లు ఆదివారం వస్తున్నరు. అక్క పెండ్లికి పందిరి నువ్వే ఏపిస్తవా, తమ్ముడూ?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

దయాకర్ గదికి తాళం వేశాడు. మెట్లెక్కి తాళంచెవులు జగపతి ముందు పెట్టాడు.

"రూములు ఖాళీ చేస్త కాకా."

"ఏమైందయ్యా? దవాఖాన మంచిగనే నడుస్తుంది గదా?"

"మీరు ఒక మాట మీద ఇచ్చిండ్రు. గా మాట నాతోని ఐతలేదు. శశికళను అక్కా అననీకి నాకు నోరొస్తలేదు."

జగపతి తాళంచెవులు తీసుకుని చేతిలో ఆడించాడు.

"నువ్వు అక్కా అనుడు ఇడిచి చానా దినాలైంది. బిడ్డేమో తమ్ముడూ అంటది, అన్నప్పుడల్లా ముసిముసిగ నవ్వుతది. నాకు చెవుల్లేవనుకున్నరా? ఎదురుంగ వచ్చి చెప్తవా, మెల్లగ జారుకుంటవా అని చూసిన." తాళంచెవులు తిరిగి అతని దోసిట్లో పడేశాడు. "జనగామోళ్లను రావద్దని చెప్త. మీ నాయినను రమ్మను. ఇంకోటి, గా కాకా అనుడు బందు వెట్టు."

"మరి ఏమనాలె?" దయాకర్ నిజంగానే అడిగాడు.

తలుపు వెనకనుంచి గాజుల చప్పుడుతో పాటు గొంతు వినిపించింది.

"గంత సదివిండు, మామా అనాలని తెల్వదా బాపూ?"

తలలు నెరిశాక కూడా, తొలకరి పడిందంటే ఆ ఇంట్లో కుంపటి వెలిగేది. కాలిన కంకి చేతికిస్తూ శశికళ అడిగేది.

"ఉప్పు కావాల్నా, ఏమండీ?"