గుంజకి కట్టిన ఎర్రగుడ్డ

గుడ్డ లేదు!

సినివా గుంజ చుట్టూ వెతికింది.

పొద్దున్నే తనే కట్టింది. ఇంటిముందు గుంజకి, తను నడుముకి చుట్టుకునే ఎర్ర లావాలావా... రెండు ముళ్ళేసి మరీ. ఇప్పుడు గుంజ బోసిగా ఉంది.

టీకా బండి ఇవాళే వస్తుంది. ఎర్రగుడ్డ కనిపించిన ఇంటిముందే ఆగుతుంది. గుడ్డ లేదంటే ఆ ఇంట్లో అందరికీ సూది పడిపోయిందని లెక్క.

ఆగదు!

చంకలో కూతురు లాగి. నిన్నటికి ఆర్నెల్లు నిండాయి. అంతకుముందు మరీ పసిదని నర్సులే వెయ్యలేదు. ఈలోపు ఈ దారిలోనే మూడు చిన్న శవపెట్టెలు లేచాయి. తట్టు... ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో పెట్టె.

పిల్ల నుదురు తడిమింది. వెచ్చగా ఉందా? ఎండకేనా? పొద్దుట్నించీ ఇది పదోసారి.

అరటిచెట్ల వెనక ఎర్రగా ఏదో కదిలింది!

మనిషి. చేతిలో గుడ్డ. పరిగెడుతున్నాడు.

సినివా పరిగెత్తింది.

పట్టపగలు. రోడ్డుమీద పురుగు లేదు. టీకాల కోసం అందర్నీ ఇళ్ళలోనే ఉండమన్నారు; ఇవాళ గడప దాటితే పోలీసులు ఊరుకోరు. అరిచినా వచ్చేవాళ్ళు లేరు. చేమతోటలో కాళ్ళు బురదలోకి దిగబడుతున్నాయి. లాగి తల భుజానికి కొట్టుకుంటోంది.

ఆ వంగిన వీపు... తెలుసు.

ఇయోసెఫో! ఆకుపసరు వైద్యం చేసే ముసలాయన. నిన్న సాయంత్రం ఇంటిమీదికొచ్చాడు. ఆ సూది పిల్లల్ని మింగేస్తుందన్నాడు. గుడ్డ కట్టావో, నేనే పీకేస్తానని మరీ చెప్పి పోయాడు.

అన్నంత పనీ చేశాడు!

దూరంగా హారన్...

బండి!

ముసలాయన తన ఇంట్లోకి దూరాడు. గోడల్లేని ఆ ఇంటిచుట్టూ కొబ్బరాకు తెరలన్నీ దింపేసి ఉన్నాయి. ఇంత ఉక్కలో... ఎందుకు? లోపల ఏం దాస్తున్నాడు?

"లోపలికి రాకమ్మాయ్."

గొంతు వణుకుతోంది. దొంగ గొంతు కాక!

సినివా తెర ఎత్తి దూకింది.

చీకటి. పసరు వాసన. కాలికి చాప తగిలింది. గుడ్డ దొరకబుచ్చుకుని లాగింది. ముసలాయన వదల్లేదు.

"నా పిల్లని చంపుతావా, తాతా?"

"రావద్దన్నానా. పాపని తీసుకుని బయటికి పో."

"నా గుడ్డ ఇవ్వు."

"మా ఇంట్లో ఒక్క ఎర్రగుడ్డా లేదమ్మా." ఆయన మోకాళ్ళమీద కూలబడ్డాడు. "కోడలు ఎక్కడ కడుతుందోనని... అన్నీ నేనే కాల్చేశాను. ఇప్పుడు బండి ఆగాలి. నర్సుకి చూపించాలి."

ఏం చూపించాలి?

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాయి.

చాపమీద ఆయన మనవరాలు మసీనా. ఎర్రబడ్డ కళ్ళు. మొహమంతా, మెడంతా... దద్దుర్లు!

సినివా పట్టు వదిలేసింది. గుడ్డ జారింది. ముసలాయన దాన్ని అందుకుని బయటి గుంజవైపు పాకాడు.

వెనక్కి తిరగాలి. పరిగెత్తాలి. కాళ్ళు కదలవే!

లాగి చాపవైపు వంగింది. తెలిసిన మొహం. రోజూ తనని ఎత్తుకు తిప్పే అక్క. చెయ్యి చాపి నవ్వింది.

మసీనా లేచి కూర్చుంది.

దగ్గింది.

లాగి మొహమ్మీదికే!

సినివా అరచెయ్యి పిల్ల మూతిమీద పడింది... ఒక్క క్షణం ఆలస్యంగా.

బయట బ్రేకుల చప్పుడు. నర్సు గొంతు. లోపల జబ్బుపడ్డవాళ్ళు ఎంతమందని అడుగుతోంది.

"ఒక్కత్తే," అన్నాడు ముసలాయన.

సినివా లాగిని ఎత్తుకుని తెర బయటికొచ్చింది.

"ఇద్దరు."