నిలబడినందుకు

తొమ్మిది కాగానే వెలుగువైద్యుడు గోడ ముందు ప్రత్యక్షమయ్యాడు. తెల్లకోటు, కళ్లద్దాలు, నేల మీద నీడ పడని కాళ్లు. గంగామణి బీడీల చాట పక్కకు నెట్టింది. పళ్లు బిగించి లేచింది. కొంగు భుజాల మీదుగా కప్పుకుని నిటారుగా నిలబడి, "నమస్తె సారు" అంది.

ఊపిరిజ్వరం వచ్చాక ఆస్పత్రికి ఎవరినీ రానివ్వడం లేదు. ఆస్పత్రే ఈ రూపంలో ఇంటింటికీ వస్తున్నది. రోజుకు నలభై వెన్నెముకలు కోసిన చోట ఇప్పుడు మూడే కోస్తున్నారు. మిగతా మంచాలన్నీ జ్వరం వాళ్లవే. ఆ ముగ్గురు ఎవరో వరుసయంత్రం తేలుస్తుంది. దానికి వెలుగువైద్యుడు చూసిందే సాక్ష్యం. గంగామణి నడుములో ఎముకల నడుమ మెత్త జారి నరాన్ని నొక్కుతున్నది. నెలలో కోయకపోతే కాళ్లు పడిపోతాయని మొదటిరోజే చెప్పారు.

"పోయిన వారం పందొమ్మిదో నంబరుంటిమి. ఇయ్యాల డెబ్బైనాలుగేంది?" ఆమె భర్త పోశెట్టి అడిగాడు.

"రోగి పది రోజులుగా ఆసరా లేకుండా లేచి నిలబడుతున్నారు. మెరుగుదల నమోదైంది."

"నువ్వొస్తున్నవని లేస్తది! డాక్టరు ముంగట కాళ్లు సాపుకొని కూసుంటరా ఎవరన్న? నువ్వు పోయినంక అర్ధగంట మూల్గుతది. అది సూడవా?"

"సందర్శన ముగిశాక చూసే ఏర్పాటు లేదు."

రూపం ఆరిపోయింది. గంగామణి గోడ పట్టుకుని కిందికి జారింది.

"రేపు లేసినవో, కాళ్లిరగ్గొడ్త" అన్నాడు పోశెట్టి.

"ఇరిగినయే ఉన్నయి. నీకేం పని మిగిలింది?" అందామె. "సారొస్తె కూసుండాల్నా? మా అయ్య నన్ను గట్ల పెంచలే."

"మీ అయ్యొచ్చి కోస్తడా నీ నడుము?"

మర్నాడు ఆమె లేవబోయింది. పోశెట్టి భుజం మీద చెయ్యి వేసి అదిమాడు. ఆమె తల వంచుకుని కూర్చుంది. వెలుగువైద్యుడి చూపు ఆ చేతి మీద ఆగింది.

"నిన్న నిలబడిన రోగి నేడు లేవడం లేదు. భర్త చెయ్యి భుజంపై ఉంది. కపటంగా నిర్ధారణ. ఆరు వారాల పాటు వరుస నుంచి తొలగింపు."

సందర్శన వేళ తలుపులు తెరిచి ఉంచాలని నియమం. ఆ గొంతు వాడంతా వినబడింది. ఎదురింటి బాలవ్వ గడప మీద నిలబడి, "అయ్యో, బీమారి అంత యాక్టింగేనా గంగామణీ?" అని నవ్వింది.

గంగామణి మొగుడి చెయ్యి విదిలించి కొట్టింది.

"నన్ను దొంగదాన్ని చేసినవ్."

ఆ తరువాత ఆమె నొప్పి అని ఎవరితోనూ అనలేదు. రాత్రి మూలిగినా నోట్లో కొంగు కుక్కుకునేది. పోశెట్టి అడిగితే గోడ వైపు తిరిగేది.

వరుస నుంచి తీసేశాక ఎనిమిదో వారంలో ఊళ్లో ఊపిరిజ్వరం తగ్గింది. మనిషి డాక్టరు వచ్చాడు. వయసులో చిన్నవాడు, బాగా అలసి ఉన్నాడు. ఆమె పాదం మీద సూది గుచ్చాడు.

"నొప్పి ఉందా అమ్మా?"

"లేదు సారు."

పిక్క మీద గుచ్చాడు. తొడ మీద గుచ్చాడు. చిన్న రక్తపుచుక్క వచ్చింది. ఆమె దాన్ని పరాయి వాళ్ల కాలు చూసినట్టు చూసింది.

"లేదు సారు."

డాక్టరు సూది పక్కన పెట్టాడు. ఇక కోసి లాభం లేదని తలుపు వైపు చూస్తూ చెప్పాడు.

పోశెట్టి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"గిప్పుడనుండ్రి సారు, యాక్టింగని."