నాలుక కింద బిళ్ల

చీకటి సందులో కాంపౌండర్ పరుగెడుతున్నాడు.

వెనకాలే ఇన్‌స్పెక్టర్. ఆమె చేతిలో పిస్టల్!

"ఆగు! కాల్చేస్తా!"

ఆగడు. భుజాన సంచి ఎగిరెగిరి పడుతోంది. అందులో మత్తు అలవాటు మాన్పించే బిళ్లలున్నాయి.

పొద్దున్నే అతను పనిచేసే క్లినిక్‌కి సీల్ వేసిందామె. ఆ సీల్ తెంచి తెచ్చినవే ఈ బిళ్లలు. బిళ్లలు బయట అమ్ముతున్నారని కంప్లయింట్. నిజమో అబద్ధమో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు తాళం వెయ్యమన్నారు పైవాళ్లు. పేషెంట్లు కాళ్లావేళ్లా పడ్డారు.

"మందు ఆపేస్తే చచ్చిపోతాం మేడమ్!"

"మా తమ్ముడు ఏ మందూ లేకుండానే మానేశాడు. మీకేం రోగం?"

తమ్ముడంటే ఆమెకి పంచప్రాణాలు. మత్తు ఇంజక్షన్ల ఊబిలోంచి మొండిపట్టుతో బయటపడ్డాడు. వాణ్ని మళ్లీ అందులోకి లాగేవాడెవడైనా సరే... తోలు తీసేస్తుంది!

కాంపౌండర్ కుడివైపు మళ్లుతాడు.

ఆమె పరుగు పెంచుతుంది. అది తమ వీధి!

గేటు తోసుకుని... తమ బిల్డింగ్‌లోకే! మెట్లెక్కి... తమ తలుపే దబదబా బాదుతున్నాడు!

లోపల తమ్ముడొక్కడే ఉన్నాడు.

పగ! క్లినిక్ మూయించిన పగ వాడి మీద తీర్చుకోబోతున్నాడు!

"చేతులు పైకెత్తు!"

కాంపౌండర్ రొప్పుతూ తిరుగుతాడు. "మేడమ్... ఒక్క నిమిషం... కుర్రాడు తట్టుకోలేడు..."

అతని చెయ్యి జేబులోకి పోతుంది.

ఢాం!

తలుపుకి జారబడి కూలిపోతాడు.

తలుపు తెరుచుకుంటుంది. తమ్ముడు! ఒళ్లంతా చెమట. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"సార్... వచ్చారా సార్!"

"రేయ్, లోపలికి పో! వాడు నిన్ను..."

"ఈయన బిళ్ల వల్లే మానానక్కా! రోజూ వేసుకుంటున్నా. చెబితే ఛీ కొడతావని దాచాను. క్లినిక్ మూసేశారు కదా... ఇంటికొస్తానన్నారు. బిళ్ల చేతికివ్వకూడదంట. కరిగేదాకా ఎదురుగా ఉండి చూడాలంట."

ఆమె అంబులెన్స్‌కి ఫోన్ కలుపుతుంది.

తమ్ముడు అప్పటికే మోకాళ్ల మీద కూర్చున్నాడు. గాయం వంక చూడడు. కాంపౌండర్ జేబులో చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఒక స్ట్రిప్ దొరుకుతుంది. నెత్తురు చొక్కాకి తుడిచి, స్ట్రిప్ చించి బిళ్ల నాలుక కింద పెట్టుకుంటాడు.

"రేయ్... మనిషి పోతున్నాడ్రా!"

వినడు. రోజూలాగే కాంపౌండర్ ఎదురుగా బుద్ధిగా కూర్చుంటాడు. కరిగేదాకా కదలడు.

తర్వాత నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపిస్తాడు.

"అయిపోయింది సార్... చూడండి."

కాంపౌండర్ కళ్లు తెరిచే ఉన్నాయి. అతను పోయి చాలాసేపయింది.

తమ్ముడు స్ట్రిప్ తిప్పి చూస్తాడు... ఖాళీ! సంచి లాక్కుని నేల మీద బోర్లిస్తాడు. ఒక్కో స్ట్రిప్ మీదా ఒక్కో పేషెంటు పేరు. వాడి పేరుతో ఇంకొకటి లేదు.

వణుకు తగ్గిన గొంతుతో అడుగుతాడు.

"అక్కా... మరి రేపు?"