గువ్వలబిలం గోడ వెనక

విడవకుండా కురిసిన వానలకు గువ్వలకొండ పడమటి చరియ విరిగిపడింది. మూతపడ్డ నాపరాళ్ల క్వారీ వెనక, ఇన్నాళ్లూ రాళ్ల కింద దాగిన బిలం ఒకటి నోరు తెరిచింది. దాన్ని మొదట చూసినవాడు లారీ డ్రైవరు మౌలాలి. బురదలో మెరుస్తున్నదేమిటా అని వంగి తీస్తే, పంది బొమ్మ ముద్రించిన పాతకాలపు బంగారు వరహా. దాన్ని లుంగీ మడతలో దోపుకుని నేరుగా స్నేహితుడు గంగిరెడ్డి ఇంటికి వెళ్లాడు.

గంగిరెడ్డి ఆ క్వారీలో మేస్త్రీగా పనిచేసినవాడు. వయసంతా ఆ కొండను పగలగొట్టడానికే ఖర్చయింది. దగ్గు తప్ప కొండ తనకేమీ ఇవ్వలేదన్న కసి అతనిది. తహసీల్దారుకు చెప్పేద్దామని మౌలాలి అన్నాడు. ముందు లోపలికి వెళ్లి చూసి, ఆ తర్వాత చెబుదామని గంగిరెడ్డి పట్టుబట్టాడు. కలిసొస్తుందని ఆ వరహాను ఒక గోనెసంచిలో వేసుకున్నాడు కూడా. వాళ్లిద్దరినే పంపడానికి మనసొప్పక అతని భార్య సంజమ్మ కూడా బయల్దేరింది.

క్వారీ దగ్గర టీకొట్టు నడిపే సంజమ్మ రొంటిన ఎప్పుడూ ఒక మడతచాకు ఉండేది. దగ్గర్లోని గుహలు చూడవచ్చిన బెంగుళూరువాళ్లెవరో కొట్టులో మరిచిపోయిన చాకది. అందులో సీసాల బిరడాలు లాగడానికి పందితోకలా మెలికలు తిరిగిన ములుకు ఒకటుంది. ఆమె కొట్టులో బిరడా ఉన్న సీసా ఒక్కటీ లేదు గానీ, ఆ ములుకుకు పనిలేని రోజూ లేదు. చక్కెర మూట ముడి విప్పాలన్నా, కాగుతున్న పాలగిన్నె మూత ఎత్తాలన్నా, నులకమంచం తాడు బిగించాలన్నా అదే. లంగా బొందు పీటముడి పడితే చుట్టుపక్కల ఆడవాళ్లు సంజమ్మనే వెతుక్కుంటూ వచ్చేవారు.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. బిలం నోటి దగ్గరున్న మద్దిచెట్టుకు తాడు కట్టి ముగ్గురూ దిగారు. దారి ఏటవాలుగా, పాచిపట్టి జారుతోంది. తాడు ఊగకుండా గంగిరెడ్డి దాని కింది కొసను ఒక రాతికొమ్ముకు బిగించి కట్టాడు. ఆ పక్కనే లోతైన గుంత ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని అంచునే నడిచి, తలకు కట్టుకున్న లైట్ల వెలుగులో వంగి, పాకి, విశాలమైన చోటికి చేరారు. నెత్తిమీద గబ్బిలాలు గుంపుగా లేచాయి. ఎదురుగా రాయీ సున్నమూ కలిపి మనుషులు కట్టిన గోడ.

గోడకు మోకాలెత్తున పిడికిలంత కన్నం ఉంది. గింజలు తీయడానికి గాదె అడుగున పెట్టే కన్నంలాంటిదే. అందులో చెక్కబిరడా రాయితో సమంగా దిగ్గొట్టి ఉంది. గంగిరెడ్డి గునపం మొన దూర్చబోతే సందు దొరకలేదు. అతను భార్యవైపు చెయ్యి చాచాడు.

సంజమ్మ చాకు ఇవ్వకుండా ముందు ఆ చెక్కను తడిమి చూసింది.

"తడిగా ఉంది. వెనక నీళ్లున్నాయేమో."

వానాకాలంలో ఏ గోడైనా చెమ్మగిల్లుతుందని గంగిరెడ్డి కొట్టిపారేశాడు. మౌలాలి కూడా వెనక్కి పోదామన్నాడు. కానీ గంగిరెడ్డి అప్పటికే చాకు లాక్కుని మెలికల ములుకును చెక్కలోకి తిప్పుతున్నాడు. అది పూర్తిగా దిగాక, గోడకు కాలు తన్నిపెట్టి లాగాడు. బిరడా మూలుగుతూ ఊడివచ్చింది.

వెంటనే వరహాలు రాలాయి. గాదెలోంచి జొన్నలు దుమికినట్టు గలగలా దుమికాయి. అంతవరకూ వెనక్కి పోదామన్న మౌలాలి కూడా మోకాళ్లమీద కూలబడి రెండు చేతులా తోడసాగాడు. సంజమ్మ మాత్రం ములుకు నుంచి బిరడాను ఊడదీసి, చాకు రొంటిన దోపుకుని, కన్నాన్నే చూస్తూ నిలబడింది. సంచి సగం నిండేసరికి వరహాలు ఆగిపోయాయి. బురదనీళ్లు చిమ్మాయి. గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకు వంగింది.

పరిగెత్తండని మౌలాలి అరిచాడు. సంచితో గంగిరెడ్డి, వెనకే మిగతా ఇద్దరూ వచ్చిన దారినే పాకి గుంత అంచుకు చేరేసరికి వెనక గోడలో ఒక పక్క విరిగింది. లోపల నిలిచిన వాననీరంతా ఒక్కసారిగా మీదపడింది. మౌలాలి సంజమ్మను తాడువైపు నెట్టాడు. ఆ ఊపులో తను కాలుజారి గుంతలో పడ్డాడు.

గుంతలోకి నీళ్లు దూకుతున్నాయి. అతని తల కనబడుతోంది, మునుగుతోంది. అతనికి అందించాలంటే రాతికొమ్ముకు కట్టిన తాడు విప్పాలి. ముడి తొడలోతు నీళ్లలో నాని రాయిలా బిగిసింది. గంగిరెడ్డి కోసెయ్యమన్నాడు.

"కోస్తే కొమ్ముకు చుట్టినంత తాడూ పోతుంది, అతనికి అందదు" అంది సంజమ్మ.

ఆమె గడ్డం దాకా నీళ్లలో వంగి, చేత్తో తడుముతూనే ముడి గుండెను వెతికి మెలికల ములుకు దూర్చింది. అది జారింది. మళ్లీ దూర్చింది. వేళ్లు చీరుకుపోయాయి. ములుకు తిరిగేకొద్దీ ముడిలో ఒక పాయ కదిలింది, ఇంకొంచెం లేచింది, చివరికి వదులైంది. ఆమె తాడు కొస గుంతలోకి విసిరింది. మౌలాలి దాన్ని చంకల కింద చుట్టుకున్నాడు.

ఇద్దరూ లాగారు. అతను అంచుదాకా వచ్చాడు. గంగిరెడ్డి ఒక్క చేత్తోనే లాగుతున్నాడు, రెండో చేతిలో సంచి ఉంది. తాడు అతని పట్టులోంచి జారింది. బరువంతా తనమీద పడి సంజమ్మ రాతికి కొట్టుకుంది. మౌలాలి వెనక్కి గుంతలో పడ్డాడు. అతని కాలెముక విరిగిన చప్పుడు నీటిహోరులోనూ వినిపించింది.

"సంచి వదులు" అంది సంజమ్మ.

గంగిరెడ్డి సంచివైపు చూశాడు. ఆ చూపు ఒక ఊపిరి తీసుకున్నంతసేపు. అప్పుడు వదిలాడు. సంచి నీళ్లలో మునిగిపోయింది. రెండు చేతులా తాడు పట్టి, గొంతులోంచి నెత్తురు చిమ్మేలా దగ్గుతూ లాగాడు.

ముగ్గురూ ఏటవాలు ఎక్కి వెలుతురులో పడేసరికి లోపల మిగిలిన గోడ కూలింది. బురద, బండలు, నీళ్లు ఒక్కటై బిలాన్ని నోటిదాకా పూడ్చేశాయి.

మౌలాలి మద్దిచెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. గంగిరెడ్డివైపు చూసి మెల్లగా అన్నాడు.

"నేను మళ్లీ నీళ్లలో పడ్డప్పుడు పైకి చూసినా అన్నా. అప్పుడూ సంచి నీ చేతిలోనే ఉండె."

గంగిరెడ్డి వచ్చి అతనివైపు వీపు తిప్పి కూర్చుని వంగాడు. మౌలాలి వద్దనాలనుకున్నాడు. రోడ్డు దూరంగా ఉంది, కాలు నేలమీద ఆనడం లేదు. సంజమ్మ అతని కాలికి కర్ర కట్టి, లేపి, తన భర్త వీపుమీద ఎక్కించింది.

గంగిరెడ్డి దగ్గుతూ, ఆగుతూ కొండ దిగసాగాడు. దించుతానని ఒక్కసారీ అనలేదు. మౌలాలి పిడికిళ్లు బిగించి తన రొమ్ముకే ఆనించుకున్నాడు. ఆ మెడను పట్టుకోలేదు. సంజమ్మ వాళ్లకు కొంచెం వెనకగా నడిచింది. నీళ్లు పారే వంక దగ్గర దారి బాగా వాలుగా, బురదగా ఉంది. గంగిరెడ్డి కాలు జారి తూలాడు.

అప్పుడు మౌలాలి చేతులు చాచి అతని మెడ చుట్టూ వేశాడు. గంగిరెడ్డి కాళ్లు ఆనించి నిలబడి, మళ్లీ నడక సాగించాడు.