216 తర్వాత 218

మంగళవారం ఉదయం 10.15. ఒక రోడ్డు కనబడటం లేదు.

కిలోమీటరున్నర పొడవు. రెండు కల్వర్టులు. మలుపులో పంపుహౌస్. నేల మీద ఉంది, కంప్యూటర్‌లో లేదు.

రోడ్ల శాఖ డివిజన్ ఆఫీసులో విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ మీదకు వంగింది. రోడ్ల మరమ్మతులకూ బడ్జెట్‌కూ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అది. డివిజన్‌లో ప్రతి రోడ్డుకూ ఒక నంబరు. 215, 216, 218.

"217 ఏమైంది?"

"తెలీదు మేడమ్," అంది ఆపరేటర్. ఆ మాట చెప్పడం ఆమెకిది ఏడోసారి.

జనవరిలో ఆ రోడ్డు గుంతలు పూడ్చడానికి గ్యాంగ్ మేస్త్రీ నలభై ఆరు డ్రమ్ముల తారు తీసుకున్నాడు. లేని రోడ్డుకు తారేమిటని సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పెట్టింది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి సస్పెండయ్యాడు. దొంగతనం కేసు. తొమ్మిది రోజులుగా పొద్దున్నే స్టేషన్‌కు వెళ్ళడం, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోవడం, ఇంటికి రావడం.

11.40కి ఇన్‌స్పెక్టర్ అతన్ని వెంటబెట్టుకుని ఆ రోడ్డు మీదకు వెళ్ళింది. జీపు ఎగిరెగిరి పడుతోంది. నల్లటి అతుకులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దిగి, తాళంచెవితో గీరి చూసింది. తారే.

"మీ ఇంజనీరు గారికి చూపించలేదా?"

"చూపించానమ్మా. లిస్టులో లేనిచోట పోస్తే అదీ దొంగతనమేనన్నారు." మేస్త్రీ తల దించుకున్నాడు. "మా ఆవిడ అంటోంది, దొంగ అన్న మాట తారు కన్నా గట్టిగా అంటుకుంటుందయ్యా అని."

ఆఫీసుకు తిరిగొచ్చి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే లాగ్ తెరిపించింది. డిసెంబరు 12, ఉదయం 11.20. రోడ్డు 217 తొలగింపు. లాగిన్ ఆపరేటర్‌ది.

ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్ వైపు తిరిగింది.

"ఆ రోజు డ్యూటీకి వచ్చావా?"

"వచ్చాను."

"11.20కి సీట్లో ఉన్నావా?"

"మూడు నెలల నాటి సంగతి మేడమ్. ఉండే ఉంటాను. కానీ నేను తియ్యలేదు."

"నీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

ఆమె మానిటర్ అంచున అతికించిన పసుపు కాగితం చూపించింది. "అందరికీ."

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకుంది. ఏ మెషీన్ నుంచి తీశారో చెప్పమని హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది. ఫారం నింపండి, పదిహేను రోజులు పడుతుంది అన్నారు. ఫారం కోసం చేస్తే ఇంకో నంబరిచ్చారు. ఆ నంబరుకు చేస్తే మొదటి నంబరే ఇచ్చారు. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయం.

స్టోర్‌కీపర్ డిసెంబరు హాజరు కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. "చూసుకోండి. ఆ రోజు ఆ అమ్మాయి ఉంది. సంతకం కూడా ఉంది."

ఇన్‌స్పెక్టర్ కట్ట ఇంటికి తీసుకెళ్ళి మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది.

బుధవారం సాయంత్రం 4.00. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గది. ఆయన, స్టోర్‌కీపర్, ఆపరేటర్, గుమ్మం దగ్గర మేస్త్రీ.

"నెలంతా వేలిముద్ర మెషీన్ ప్రింట్లే," అంది ఇన్‌స్పెక్టర్. "పన్నెండో తారీఖు ఒక్కటే చేతిరాత. ఎందుకని?"

"మెషీన్ పనిచెయ్యలేదండీ," అన్నాడు స్టోర్‌కీపర్. "కరెంటు స్తంభాలు మార్చారు. పది నుంచి ఒంటిగంట దాకా కరెంటు లేదు."

"ఇన్వర్టర్?"

"చచ్చి రెండేళ్ళయింది. కొత్తది అడిగితే సాఫ్ట్‌వేర్‌లో ఆ పద్దు లేదన్నారు."

"సంతకం చూశారు గానీ, సంతకం ఎందుకు పెట్టాల్సొచ్చిందో ఎవరూ అడగలేదు. 11.20కి ఈ ఆఫీసులో ఒక్క కంప్యూటరూ వెలగలేదు. ఇవి కాకుండా సాఫ్ట్‌వేర్ ఇంకెక్కడ తెరుచుకుంటుంది?"

"సర్వే టాబ్లెట్‌లో. అది బ్యాటరీతో నడుస్తుంది," అంది ఆపరేటర్ మెల్లగా.

"అదెక్కడుంటుంది?"

స్టోర్‌కీపర్ ఇంజనీరు వంక చూశాడు. "సార్ బీరువాలో. తాళం సార్ దగ్గరే."

ఇంజనీరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒక్కో రోడ్డు ఎంత బాగుందో సాఫ్ట్‌వేర్ మార్కులేస్తుంది. డివిజన్ సగటు అరవై దాటకపోతే గ్రాంటులో సగం కోత. మాకొచ్చింది 59.9. ఆ రోడ్డు మార్కు పదకొండు. తీసేస్తే 60.1. ఒక్కదాన్ని వదిలేస్తే మిగతా రెండొందల ముప్ఫై తొమ్మిదీ బతుకుతాయనుకున్నాను ఇన్‌స్పెక్టర్ గారూ."

"మరి ఈయన?"

"తారు తీసుకుంటాడనుకోలేదు. తీసుకున్నాక... చెబితే నా ఉద్యోగం పోతుంది."

"నాకొక్క ముక్క చెప్పాల్సింది సార్," అన్నాడు మేస్త్రీ. "ఆ తారు ఇంకో రోడ్డుకు పోసేవాణ్ణి."

4.50కి ఇంజనీరు స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టారు. మేస్త్రీ మీద కేసు తీసేస్తున్నట్టు స్టేషన్‌కు ఫోన్ వెళ్ళింది.

రోడ్డు మాత్రం రాలేదు.

ఆపరేటర్ 217ని మళ్ళీ చేర్చబోతే సాఫ్ట్‌వేర్ ఐదేళ్ళ మరమ్మతుల చరిత్ర అడిగింది. చరిత్ర రోడ్డుతోపాటే పోయింది. బ్యాకప్ అడిగితే రోడ్డు నంబరు కొట్టమంది. కొడితే, ఆ నంబరు గల రోడ్డు లేదంది.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద గట్టిగా చరిచింది. "దొంగ దొరికాడు, సొమ్ము దొరకదా! మూడు నెలల్లో వానలు!"

మేస్త్రీ కుర్చీ లాక్కుని ఆపరేటర్ పక్కన కూర్చున్నాడు. "ఏ గుంత ఎప్పుడు పూడ్చామో నాకు తెలుసమ్మా. నేను చెబుతా, కొట్టు."

చెప్పాడు. తేదీ, చోటు, లోతు, ఎన్ని డ్రమ్ములు, ఎంతమంది కూలీలు. ఎక్కడా తడుముకోలేదు. పదకొండో గుంత దగ్గర స్క్రీన్ తెల్లబోయింది. సమయం మించిపోయింది, మళ్ళీ లాగిన్ కండి.

"అంతా పోయింది!" ఆపరేటర్‌కు ఏడుపొక్కటే తక్కువ.

మేస్త్రీ కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకున్నాడు.

"సరే తల్లీ. మొదటి గుంత. పంపుహౌస్ మలుపు, ఎడమ పక్క."