సంచిలో దాచిన కాలర్లు

పొద్దున్నే కత్తిరింపు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, అలవాటుగా మూలన సుద్దతో తేదీ వేసి, తల్లి కత్తెర అందుకుంది. కత్తెర సగం దూరం నడిచి ఆగిపోయింది. కుడిచేతి వేళ్లు బిగుసుకున్నాయి, పెదవి కొస ఒక పక్కకు లాగింది. అర నిమిషంలో అంతా సర్దుకుంది. కాలరు మాత్రం వంకర పోయింది. ఆ ముక్కను బల్ల కింద సంచిలో కుక్కి, ఏమీ ఎరగనట్టు మరో గుడ్డ తీసింది.

స్కానింగ్ అయి ఆరు వారాలైంది. మెదడులో పలచటి రక్తనాళాలు గుత్తిలా పెనవేసుకున్నాయని, అది క్యాన్సర్ కాదని, ఎప్పుడో కాస్త రక్తం చిమ్మిందని డాక్టరమ్మ చెప్పింది. మందులు వేసుకున్నా ఇలా వేళ్లు బిగుసుకునే మూర్ఛ వస్తుంటే తీసేయడమే మేలంది. గుత్తి ఉన్నది చేతిని నడిపే చోటి పక్కనే. ఆపరేషన్ తర్వాత చెయ్యి కొన్నాళ్లు బలహీనపడొచ్చు, అరుదుగా అలాగే ఉండిపోవచ్చు. ఆ మాట విన్న దగ్గర్నుంచి తల్లి ఎవరడిగినా, "మూర్ఛ మళ్లీ రాలేదు" అనే చెబుతోంది.

మధ్యాహ్నం దారం వెతుకుతూ కూతురు సంచిని గుమ్మరించింది. పదకొండు కాలర్లు, అన్నీ సగంలో వంకర పోయినవే.

"ఏంటమ్మా ఇవి?"

"చూపు ఆనట్లేదే. వయసు మీద పడట్లేదూ?"

"చూపు ఆనకపోతే తేదీలు ఇంత ముత్యాల్లా ఎలా వేశావు? మూర్ఛ పోయిన నెల మూడుసార్లు, ఈ నెల ఎనిమిదిసార్లు వచ్చింది. డాక్టరమ్మ నీ నోటి నుంచి వినాలనుకున్నది ఇదే."

"నా సంచి నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"ఆవిడ కళ్లకు గంతలు కట్టావు. నాకూ కట్టావు."

తల్లి కత్తెర కింద పెట్టింది. "మీ నాన్న పోయాక మనిద్దర్నీ నిలబెట్టింది ఈ చెయ్యే. ఇది పోతే నేనెందుకు పనికొస్తాను?"

"మళ్లీ రక్తం చిమ్మితే చెయ్యొక్కటే పోతుందా? నేను అమ్మా అని పిలవడానికి పనికొస్తావు. చాలదా?"

తల్లి కాలర్లను తేదీల వరసన పేర్చి కూతురి చేతిలో పెట్టింది.

వాటిని చూసి డాక్టరమ్మ ఆపరేషన్ ఖాయం చేసింది. నాలుగు గంటలు పట్టింది. గుత్తి మొత్తంగా బయటికొచ్చింది.

ఇంటికి పంపే రోజున తల్లి చెయ్యి గ్లాసు కూడా పట్టలేకపోయింది. కూతురు ఆమెకు తల కట్టుకు తగలకుండా ముందు తెరిచే చొక్కా తొడిగి గుండీలు పెట్టింది.

"ఎగుడుదిగుడుగా పెట్టావు."

"అయితే నువ్వే సరిచేసుకో."

తల్లి వేళ్లు మెల్లగా గుండీ దాకా వెళ్లి జారాయి. మళ్లీ వెళ్లి జారాయి. ఆమె చెయ్యి ఒళ్లోకి దించుకుంది. కళ్లు నిండాయి.

"నాకు చేతకావట్లేదే. నువ్వే పెట్టు."