ట్రాపులో చప్పుడు

స్టీమ్ ట్రాప్ బాగుందో లేదో చూడ్డానికి మాకు పెద్ద హంగామా అక్కర్లేదు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకోవడమే. పైపులో చేరిన నీళ్లు వదిలేసి, ఆవిరిని ఆపడం దాని పని. నీళ్లు పోతే గలగల, ఆవిరి కారితే బుస్సు.

ఆ మధ్యాహ్నం బాయిలర్ ఆపేశారు. బయట ముసురు. లోపల తడిసిన తుప్పు వాసన. మా అక్క నేల ఊడుస్తోంది. బావ పోయాక కంపెనీ దయతలిచి ఇచ్చిన ఉద్యోగం. మొగుణ్ణి మింగిన బాయిలర్ చుట్టూ చీపురు పట్టుకు తిరగడం. వీళ్ల దయ ఇలాగే ఏడుస్తుంది.

బావ కూడా ఫిట్టరే. బాయిలర్ నెత్తిన ఉండే డ్రమ్ములోకి దూరి, ఆవిరిలో తడిని పట్టే సెపరేటర్లు కడిగేవాడు. లోపల మనిషి ఉన్నాడని చెప్పడానికి పైపు మీద రెండు దెబ్బలు కొట్టడం మా అలవాటు. ఆ రోజూ కొట్టాడు. పైపులో నీళ్లు మిగిలినా అచ్చం అలాగే టక్కుటక్కుమంటుంది. 'నీళ్లేలే' అనుకుని మా సూపర్‌వైజర్ పక్క బాయిలర్ ఆవిరి ఇటువైపు వదిలించాడు. విచారణలో మాత్రం, వాడసలు కొట్టనే లేదన్నాడు. తప్పంతా బావ నెత్తిన రుద్దేశారు. చచ్చినవాడు నోరెత్తడుగా.

ఇప్పుడు ఆ డ్రమ్ములోకి దిగే వంతు నాది. ముందు కింద ట్రాపులు చూసి రమ్మని చెప్పి సూపర్‌వైజర్ పైకెక్కి డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు.

చివరి ట్రాపుకి స్క్రూడ్రైవర్ ఆనించాను.

టక్... టక్.

నీళ్లే అనుకుని మూత విప్పాను. చుక్క లేదు. ఎండిపోయి ఉంది. పైపుకి స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాను.

టక్... టక్.

అక్క చీపురు పక్కన పడేసి వచ్చింది. "ఇటివ్వు," అని పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"మీ బావేరా."

"ఊరుకో అక్కా. నీళ్లు."

"ఆ చెయ్యి నాకు తెలీదా? మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా. ఇంటి తలుపూ అలాగే కొట్టేవాడు." ఆమె కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారుతున్నాయి. "కొట్టలేదన్నారు కదరా. కొట్టాడు."

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది.

పైనుంచి సూపర్‌వైజర్ గొంతు. "ఏమయ్యా, వస్తావా, ఇంకొకణ్ణి చూసుకోమంటావా?"

"వెళ్లకురా," అంది అక్క.

"వెళ్లకపోతే రేపట్నుంచి తినేదేంటి?"

స్పానర్ తీసుకున్నాను. అక్క మాత్రం చెవి తియ్యలేదు. ఉన్నట్టుండి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఇంకో చప్పుడు కలిసింది..." గొణిగింది. "లోపల ఇద్దరున్నారు."

"రెండో మనిషెవరు?"

అక్క స్పానర్ పట్టుకున్న నా చేతి వంక చూసింది. చాలాసేపు చూసింది.

"నీ చెయ్యేరా..."

పైన ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు. సూపర్‌వైజర్ కమ్మీ పట్టుకుని కిందికి తొంగిచూశాడు. నన్ను చూశాడు. వెనక్కి తిరిగి డ్రమ్ము వైపు చూశాడు. మళ్లీ నన్ను.

"నువ్వు..." అతను డ్రమ్ము వైపు వేలు చూపించాడు. "ఇప్పుడేగా నన్ను దాటుకుని లోపలికి దిగావు... లోపల్నుంచి తలుపేసుకున్నావు..."